రెండోసారి గుక్క

మధిర,
అక్టోబరు 21.

శ్యామలా,

మీ ఊళ్లో టవరు లేదు. నీకేమో చర్ల సంతకు వచ్చి ఫోను పట్టుకునే తీరిక లేదు. నర్సు ఉద్యోగం చేస్తున్నావా, అడవికి కాపలా కాస్తున్నావా? సరే, కాగితమే దిక్కు. పదో తరగతిలో నా తెలుగు వ్యాసాలన్నీ నువ్వే దిద్దావు కాబట్టి ఇందులో తప్పులుంటే ఆ పాపం నీదే.

మొన్న ఖమ్మంలో ఒక పెద్ద సినిమా గాయకుడి కచేరీ జరిగింది. పేరు రాయను. హాస్టల్లో ఆయన పాటలు పెట్టుకుని ఏడ్చినదానివి నువ్వు. హైదరాబాద్ వాళ్లకు పక్క స్పీకర్లు తక్కువైతే మన గౌస్ సౌండ్స్ నుంచి ఎనిమిది పెట్టెలు పట్టుకెళ్లాను. మా అబ్బా పోయిన ఈ మూడేళ్లలో షాపుకు ఇంత పెద్ద పని రావడం ఇదే మొదలు. కొత్త చుడీదార్ వేసుకుని మరీ వెళ్లాను, నవ్వకు.

మిక్సర్ పక్కనే నాకు కుర్చీ వేశారు. మొదటి పాట మొదలైంది. ఆయన మైకు నోటికి ఆనించుకుని కళ్లు మూసుకుని ఊగిపోతున్నాడు. నేను అలవాటు కొద్దీ ఆయన మైకు మీట వైపు చూశాను. అది పూర్తిగా కిందికి దించి ఉంది. రెండో పాటకూ అంతే. పన్నెండు పాటల్లో ఆ మీట పైకి లేచింది ఒక్కసారే, "హలో ఖమ్మం, ఎట్లున్నరు?" అని అడిగినప్పుడు. మిగతాదంతా స్టూడియోలో ఎప్పుడో పాడి పెట్టుకున్న ట్రాకు.

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ జనం సంగతి విను. నా ముందున్న ఆయన రెండు చేతుల్లో రెండు ఫోన్లు ఎత్తి పట్టుకుని కచేరీ అంతా వాటిలోనే చూశాడు. వెనకాయన మిర్చి బేరం మొత్తం నా చెవి పక్కనే తెగ్గొట్టాడు. నెమ్మది పాట వచ్చినప్పుడల్లా "బీటు పాట వెయ్యి" అని కేకలు. వెయ్యి అన్నారు చూడు, పాడు అనలేదు. ఇంకో మూడు పాటలుండగానే బళ్లు తీసుకోవాలని సగం మంది లేచిపోయారు. మోసం చేసినాయనకూ మోసపోయిన వాళ్లకూ ఏ పేచీ లేదు, మధ్యలో నాకే ఏడుపొచ్చింది.

ఎందుకో నీకు తెలుసు. మనం మీ నాన్న పున్నయ్య బాబాయ్ నాటకాలు చూస్తూ పెరిగినవాళ్లం. ఆయన రాజు వేషంలో ఆఖరి రంగం పద్యం ఎత్తుకుంటే, ముందు వరసలో ఎరువుల షాపు బాబూరావు "వన్స్‌మోర్!" అని గావుకేక పెడితే, నాటకం అక్కడికక్కడే ఆగిపోయేది. చచ్చిపడిన పాత్ర కూడా లేచి కూర్చుని వినేది. బాబాయ్ మళ్లీ పాడేవాడు. అదే పద్యం, కానీ రెండోసారి రాగం ఇంకో వీధిలోంచి తిరిగి ఇంటికొచ్చేది. కూసుమంచిలో కరెంటు పోయిన రోజు గుర్తుందా? ఉత్త గొంతుతో ఆఖరి వరస దాకా వినిపించాడు. అబ్బా మైకు వైర్లు చుట్టుకుంటూ, "నేను లేకున్నా నడిచే మనిషి ఈయనొక్కడే" అన్నాడు.

బాబాయ్‌కి నిమ్ము తగ్గింది. డిసెంబరులో ఇక్కడే మధిరలో నాటకం ఒప్పుకున్నాడు. మైకు నాదే.

నీ
సనోబర్

*

గుండ్లవాగు, చర్ల మండలం,
నవంబరు 9.

సనోబర్,

నీ ఉత్తరం పోస్టు ముసలయ్య తెచ్చాడు. వాగు దాటేటప్పుడు సైకిలుతో పాటు దాన్నీ కాస్త తడిపాడు. బీటు పాట దగ్గర అక్షరాలు అలుక్కుపోయినా, నీ కోపం మాత్రం పొడిగానే అందింది. ఆ గాయకుడి పేరు నువ్వు రాయకపోయినా తెలిసిపోయింది. ఇక ఆయన పాట వచ్చినప్పుడల్లా నాకు ఆ మీటే కనిపిస్తుంది, పుణ్యం కట్టుకున్నావు.

ఇక్కడ డిసెంబరులో నాలుగు కాన్పులున్నాయి. నాటకానికి రాలేను. అందుకే నీకో పని చెబుతున్నాను, జాగ్రత్తగా చదువు.

దసరాకు వచ్చినప్పుడు నాన్న వీపు మీద స్టెత్ పెట్టి విన్నాను. కుడి పక్క కింది భాగంలో గాలి సరిగా ఆడటం లేదు. దవాఖానా వాళ్లిచ్చిన మూడు బంతుల డబ్బా ఉంది కదా, గొట్టంతో గాలి పీలిస్తే బంతులు పైకి లేచేది, అందులో ఒక్క బంతి లేపడానికే ఆయాసపడ్డాడు. నన్ను చూసి, "డబ్బానే చెడిపోయిందమ్మా" అన్నాడు.

మా ఇద్దరి మధ్య ఒక ఒట్టుంది. నీకెప్పుడూ చెప్పలేదు. నేను ఉద్యోగంలో చేరిన రోజు నాన్న నా చెయ్యి తన నెత్తి మీద పెట్టుకుని, "నేను పాడలేని రోజు వస్తది. జనం మొహమాటానికి చెప్పరు, నాకు నేనుగా తెలుసుకోలేను. నువ్వు చెప్పాల. ఆ రోజే మానేస్తా" అన్నాడు. అప్పుడు నవ్వుతూ సరే అన్నాను. ఇప్పుడు ఆ రోజు ముంచుకొచ్చిందేమోనని భయంగా ఉంది. నాటకం మానేస్తే నాన్న ఏమవుతాడో నువ్వూ ఊహించగలవు.

కాబట్టి నాటకం మొత్తం రికార్డు చేసి మెమరీ కార్డు పంపు. బాగా పాడితే ఈ ఊరంతా కూర్చోబెట్టి వినిపిస్తాను. పాడలేకపోతే నా మాట నేను నిలబెట్టుకోవాలి. మీ అబ్బా కూతురివి, మైకు దగ్గర నువ్వుంటే నాకు దిగులు లేదు.

శ్యామల

*

మధిర,
డిసెంబరు 18.

శ్యామలా,

నాటకం అదిరిపోయింది! రెండు వేల మంది వచ్చారు. కుర్చీలు చాలక గోడలెక్కారు. మంత్రి వేషం ఆయన మీసం ఊడి నోట్లో పడింది. ఆఖరి పద్యం దగ్గర బాబూరావు వన్స్‌మోర్ అని అరుస్తూ కుర్చీ ఎక్కాడు, కుర్చీ విరిగింది, మనిషి బాగానే ఉన్నాడు. బాబాయ్ రెండోసారీ పాడాడు. చప్పట్లు ఐదు నిమిషాలు ఆగలేదు.

కార్డు ఇందులో పెడుతున్నాను. చిన్న స్పీకరు కూడా. వెంటనే వినకపోయినా పరవాలేదు, నీకు కాన్పుల పని ఉంది కదా. ఇక్కడ చలి ఎక్కువైంది. షాపులో చాలా పని.

సనోబర్

*

గుండ్లవాగు,
జనవరి 5.

సనోబర్,

నాలుగు కాన్పులూ క్షేమంగా అయ్యాయి. ఆదివారం సాయంత్రం సబ్‌సెంటర్ వరండాలో నీ స్పీకరు పెట్టాను. ఊళ్లో కదలగలిగిన వాళ్లందరూ వచ్చారు.

వీళ్లు ఎలా విన్నారో నువ్వు చూడాల్సింది. కథ సగం మందికి తెలియదు, పద్యంలో మాటలు చాలామందికి అర్థం కావు. అయినా ఒక తాత వెలిగించబోయిన చుట్టను చెవి మీద పెట్టేసుకున్నాడు. చంటిదాన్ని ఏడవకముందే తల్లి పాలకు పెట్టింది. నాన్న పద్యం వస్తుంటే గర్వంతో స్పీకరు ఇంకా పెంచాను. ఒక్క గుక్కలో అంత దూరం! నిమ్ము వచ్చిన మనిషేనా అనుకున్నాను. రెండోసారి కూడా అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, లేచి పోనూ లేదు. నచ్చలేదేమో అనుకున్నాను.

అందరూ వెళ్లాక మా ఆయమ్మ హేమ్లి గ్లాసులు కడుగుతూ, "మీ బాపు రెండుసార్లు ఒక్క కాడనే ఊపిరి తీసిండేంది, నర్సమ్మా? మనిషి గట్ల తియ్యడు కదా" అంది.

హేమ్లి పాతికేళ్లుగా పురుళ్లు పోస్తోంది. నొప్పులు పడే ఆడవాళ్ల పక్కన కూర్చుని ఊపిరి వినీ వినీ ఆ చెవులు అలా అయ్యాయి. నేను కార్డు మళ్లీ పెట్టాను. నాలుగుసార్లు విన్నాను. మొదటి పాదం చివర గుక్క. మూడో పాదం నడుమ చిన్న గుటక, ఆ తర్వాత గుక్క. రెండోసారీ అక్కడే గుటక, అక్కడే గుక్క. వెనక హార్మోనియం మెట్టు ఒకటి టక్కుమంటుంది. రెండుసార్లూ టక్కుమంది.

ఇది మా నాన్న ఇప్పటి గొంతు కాదు. మీ అబ్బా పాత క్యాసెట్టు. అవునా?

ఖమ్మం గాయకుడి మీట గురించి రెండు పేజీలు రాశావు. అదే చేత్తో మా నాన్న మీట దించావు. నా ఒట్టు సంగతి తెలిసి కూడా. నేను వినాల్సింది ఒకే ఒక్క గొంతు, దాన్ని నా దాకా రానివ్వలేదు నువ్వు. శివరాత్రికి కూసుమంచిలో కూడా నాటకం ఒప్పుకున్నాడని విన్నాను. అక్కడా ఇదే ఏర్పాటు చేశారా?

శ్యామల

*

మధిర,
జనవరి 17.

శ్యామలా,

అవును. కూసుమంచిలో పాతికేళ్ల కిందట అబ్బా రికార్డు చేసిన క్యాసెట్టే.

తప్పంతా నాది. ఆ ఆలోచన నాది, చేసింది నేను. బాబాయ్ వద్దన్నాడు, నేనే వినలేదు. ఖమ్మంలో ఎవరూ పట్టించుకోలేదు కదా, ఇక్కడ మాత్రం ఎవరు పట్టుకుంటారు అనుకున్నాను. చూశావా, మోసం చూసి ఏడ్చినదాన్ని, రెండు నెలలు తిరక్కుండా దాన్నే నేర్చుకున్నాను.

ఒకటి మాత్రం మరిచిపోయాను, అది తలుచుకుంటే సిగ్గేస్తుంది. వన్స్‌మోర్ సంగతి. చిన్నప్పటి నుంచి ఆ కేక వింటూ పెరిగి, ట్రాకు ఒక్కటే సిద్ధం చేసుకున్నాను! బాబూరావు అరవగానే మిక్సర్ మీద మీటలన్నీ తడుముకున్నాను. బాబాయ్ వేదిక మీద నుంచి నా వైపు చూశాడు. ఏం చెయ్యాలో తోచక అదే మళ్లీ నొక్కాను. హార్మోనియం తిరుపతి గాలి కొట్టకుండా మెట్ల మీద వేళ్లు ఆడించాడు. రెండు వేల మంది ఫోన్లెత్తి తీశారు. ఒక్కరికీ తెలియలేదు. చప్పట్లు మోగుతుంటే నేను మిక్సర్ కింద తలపెట్టి, వైరేదో వెతుకుతున్నట్టు నటించాను.

అబ్బా ఫోటో వైపు చూడలేక దాన్ని అలమరలో పెట్టాను. నన్ను తిట్టు. బాబాయ్‌ని మాత్రం ఏమీ అనకు.

సనోబర్

*

గుండ్లవాగు,
ఫిబ్రవరి 2.

సనోబర్,

నువ్వు అబద్ధం రాయడం ఎప్పటికీ నేర్చుకోలేవు. తిరుపతి మా నాన్న శిష్యుడు. హార్మోనియంలో గాలి లేకుండా కూర్చోమని అతనికి చెప్పగలిగేది ఈ భూమ్మీద నాన్న ఒక్కడే. నువ్వు చెబితే పెట్టె ఎత్తి నీ నెత్తిన వేసేవాడు.

నాన్నే అడిగాడు కదా? నా ఒట్టుకు భయపడి అడిగాడు. చప్పట్లు లేకుండా దిగాల్సి వస్తుందని భయపడి అడిగాడు. నువ్వు కాదనలేకపోయావు, ఇప్పుడు ఆయన మీద ఈగ వాలకుండా నిందంతా నీ మీద వేసుకుంటున్నావు. నీ మీద కోపంగా ఉండాలని గట్టిగానే ప్రయత్నిస్తున్నాను. కుదరడం లేదు. మీ అబ్బా ఫోటో అలమరలోంచి తియ్యి, ఆయనకు ఊపిరాడదు.

ఇప్పుడు నేను చెప్పేది నాన్నకు చదివి వినిపించు. నేను పాడలేని రోజు చెబుతానన్నాను గాని, తక్కువ పాడిన రోజు మానేయమంటానని అనలేదు. ఒక్క గుక్కలో పాడకపోతే నాలుగు గుక్కల్లో పాడమను. కూసుమంచిలో సొంత గొంతుతో పాడాలి, లేదంటే వేదిక ఎక్కకూడదు. ట్రాకు పెడితే ఇక నేను ఏదీ విననక్కరలేదు, నా ఒట్టు నేను వెనక్కి తీసుకుంటాను.

బంతుల డబ్బా పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు. నువ్వు ఎదురుగా కూర్చుని లెక్కపెట్టు. చల్లటి నీళ్లు వద్దు. వేదిక మీద కుర్చీ దగ్గరలో ఉంచు.

ఇక్కడ ఒక గర్భిణికి నెలాఖరుకు నెలలు నిండుతాయి. శివరాత్రికి కూడా రాలేను. కార్డు పంపు.

నీ
శ్యామల

*

మధిర,
ఫిబ్రవరి 28.

శ్యామలా,

నీ ఉత్తరం చదివి వినిపిస్తే బాబాయ్ దాన్ని నా చేతిలోంచి తీసుకుని మడతపెట్టాడు. తర్వాత, "నలభై ఏళ్లల్లో చప్పట్లు లేకుండ దిగిన రోజు లేదమ్మా నాకు. జాలిపడి కొట్టే చప్పట్లు ఇంకా భయం" అన్నాడు. నేను డబ్బా అందించాను. ఆ రోజు ఒక బంతి. మొన్న శివరాత్రి పొద్దున రెండు బంతులు లేచి, మూడోది కాస్త కదిలింది. ఇద్దరం డబ్బా చుట్టూ చిన్నపిల్లల్లా గెంతాం.

నాటకం సాయంత్రం ఐదింటికే మొదలుపెట్టారు. నేను క్యాసెట్టు షాపులోనే పెట్టి తాళం వేసి వెళ్లాను. నా మీద నాకు నమ్మకం లేక.

ముందు వరసలో బాబూరావు. ఎప్పటిలాగే ఫోన్లు లేచాయి, పల్లీల పొట్లాలు విప్పుకున్నారు, వెనక ఎవరో బావమరిదితో దెబ్బలాడుతున్నారు. ఆఖరి రంగం వచ్చింది. బాబాయ్ పద్యం ఎత్తుకున్నాడు. మొదటి పాదం సగంలోనే ఊపిరి అయిపోయింది. ఆగాడు, పీల్చాడు, మళ్లీ అందుకున్నాడు. ఆ పీల్చడం స్పీకర్లలో ఊరంతా వినపడింది. నా చెయ్యి మీట మీదికి పోయింది, దించితే ఆ శబ్దమైనా దాగుతుంది. శ్యామలా, నేను చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

రెండో పాదానికి వెనక దెబ్బలాట ఆగింది. మూడో పాదానికి బాబూరావు ఫోను జేబులో పెట్టేశాడు. ఒకరిని చూసి ఒకరు, చేతులన్నీ కిందికి దిగాయి. పద్యం ముగిసేసరికి ఆ గొంతులో పాత నిండుతనం లేదు, కానీ రాజ్యం పోయిన రాజు నిజంగా ఎలా పాడతాడో అలా ఉంది. ఇన్నేళ్లూ ఆ పద్యం ఎంత బాగుందో విన్నానే గాని, అందులో ఆ మనిషికి ఎంత కష్టం వచ్చిందో నాకు మొన్నే తెలిసింది.

అయిపోయింది. ఎవరూ అరవలేదు. చప్పట్లూ లేవు. బాబాయ్ ఒక అడుగు ముందుకు వేశాడు. ముందు వరస వైపు చూసి, మైకులోనే అడిగాడు.

"ఏంది బాబూరావు, గొంతు పోయింది నీకా, నాకా?"

బాబూరావు లేచి నిలబడ్డాడు. కళ్లు తుడుచుకుంటున్నాడు.

"వన్స్‌మోర్ అందామనే ఉంది పున్నయ్యగారూ. ముందు మీరు గుక్క తిప్పుకోండి. మాకేం తొందర లేదు. మేం ఎటూ పోం, కూర్చునే ఉంటం."

మంత్రి వేషం ఆయన లోపలికి పరిగెత్తి సింహాసనం తెచ్చి వేశాడు. కథలో అప్పటికి రాజ్యం పోయి చాలాసేపైంది. అయినా ఎవరూ నవ్వలేదు. బాబాయ్ దాని మీద కూర్చున్నాడు. మైకు తెరిచే ఉంది. అంతమందీ కదలకుండా ఒక మనిషి ఊపిరి పీల్చుకోవడం విన్నారు. ఆయాసంగా, తర్వాత కాస్త నెమ్మదిగా, తర్వాత మామూలుగా. బళ్లు తీసుకోవడానికి ఒక్కరూ లేవలేదు. నేను చూసిన సభలన్నిటిలోకీ గొప్ప సభ అదేనని నీకు చెప్పడానికే ఇంత రాశాను.

తిరుపతి హార్మోనియంలో గాలి నింపాడు. బాబాయ్ కూర్చునే రెండోసారి పాడాడు.

దిగాక నా దగ్గరికి వచ్చి, "అమ్మాయికి పంపు. ఒట్టు తీర్చుకోమను. మానేయమంటే ఈ రోజే మానేస్తా" అన్నాడు. తీర్పు నీ చేతుల్లో ఉంది. కార్డు పెడుతున్నాను. ముందు హేమ్లిని అడుగు, రెండోసారి గుక్క ఎక్కడ తీసుకున్నాడో.

అబ్బా ఫోటో గోడకు పెట్టాను.

నీ
సనోబర్

*

గుండ్లవాగు,
మార్చి 14.

సనోబర్,

ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. అందుకే ఆలస్యమైంది.

నిన్న సాయంత్రం మళ్లీ వరండాలో అందరం కూర్చున్నాం. హేమ్లి వేళ్లు మడుచుకుంటూ విన్నది. అయిపోయాక, "ముందుగాల ఐదు కాడ్ల తీసిండు, మల్ల ఏడు కాడ్ల తీసిండు. ఒక్కటి గూడ కలవలే. ఇప్పుడు మనిషి పాడిండు" అంది. బాబూరావు మాటలు వచ్చినప్పుడు నేను లోపలికి పోయి మందుల పెట్టె సర్దుతున్నట్టు నిలబడ్డాను. అచ్చం నువ్వు మిక్సర్ కింద దూరినట్టే.

తర్వాత బయటికొచ్చి నా ఒట్టు తీర్చుకున్నాను. అంతమంది ముందు "వన్స్‌మోర్!" అని అరిచాను. ఇక్కడ పాట విని అరిచే అలవాటు లేదు. నర్సమ్మకు ఏమైందోనని అందరూ నా వైపే చూశారు. చుట్ట తాత మాత్రం చుట్టను మళ్లీ చెవి మీద పెట్టుకుని సర్దుకుని కూర్చున్నాడు.

నా తీర్పు అదే. నాన్నకు నువ్వే చెప్పు. మైకులో చెప్పు, మీట పూర్తిగా పైకి పెట్టి.

శ్యామల